అరవై మూడో నంబరు జత

ఎవరి పిచ్చి వారికి ఆనందం అన్నారు పెద్దలు. రాయగడ రైల్వేలో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా పనిచేస్తున్న తిరుమలరావుకి టోకెన్ల పిచ్చి. పిచ్చి అన్నది ఆయన భార్య ధరణి మాట. ఆయన మాత్రం సరదా అంటాడు. పేరేదైనా, రైల్వే క్వార్టర్లో వాళ్ళ ముందుగది గోడకి ఒక చెక్కపలక ఉంది, దాని నిండా చిన్న చిన్న మేకులు, ప్రతి మేకుకీ ఒక పాత టోకెను. వచ్చిన చుట్టాలు ఫ్యాను కింద కూర్చుని మంచినీళ్ళు తాగి, ఆ పలకకేసి చూసి, తప్పకుండా ఒకే మాట అడుగుతారు, ఇవి అమ్మితే ఎంతొస్తుందని.

"ఏటీ రాదు" అంటాడు తిరుమలరావు ఎంతో సంతోషంగా.

ఆ సరదాలో ఆయనకి నచ్చినదే అది. దొంగ ఎత్తుకుపోడు, అన్నదమ్ములు వాటా అడగరు, ఎదురింటివాడు ఏడవడు. ఒకప్పుడు బ్యాంకుల్లో డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన ఇత్తడి బిళ్ళలు, ఫ్యాక్టరీ క్యాంటీన్లో భోజనానికి ఎర్రవి, టీకి పసుపువి ఇచ్చిన ప్లాస్టిక్ బిళ్ళలు, ఏదో ఆసుపత్రిలో వరస కోసం ఇచ్చిన చెక్కముక్కలు, ఇవీ ఆయన ఆస్తి. కొరాపుట్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ సంతకి వెళ్ళి ధరణి కూరలు బేరమాడుతుంటే, ఆయన పాత ఇనుము పోగుల దగ్గర గొంతుకూర్చుని గిన్నెలూ గొలుసులూ కెలికేవాడు. కప్పు టీ ధర మించి దేనికీ పెట్టేవాడు కాదు.

ఇంకో నియమం కూడా ఉంది. పని అయిపోయిన టోకెనే ఆయనకి కావాలి. వాడుకలో ఉన్నదాన్ని ముట్టుకోడు. ఒకసారి గుడి దగ్గర చెప్పుల స్టాండువాడు జోళ్ళు ఇచ్చేసి బిళ్ళ తీసుకోవడం మరిచిపోతే, అది జేబులో ఇంటిదాకా వచ్చేసింది. మర్నాడు సెలవు పెట్టి, బస్సెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చాడు. "ఊరంతా టోకెన్లు ఏరుకొచ్చే మనిషి, ఇంటికి నడిచొచ్చిన టోకెన్ని తిరిగి దిగబెట్టి వచ్చేడు" అని ధరణి ఆ కథ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

ఇక అసలు సంగతి. రాయగడకి బదిలీ అయ్యే ముందు బోరిగుమ్మలో ఒక పాత సామాన్ల దుకాణంలో ఆయనకి ఒక అల్యూమినియం బిళ్ళ దొరికింది. రూపాయి బిళ్ళకి రెండింతలుంటుంది, పైన చిన్న బెజ్జం. మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన 63, దాని నెత్తిన అలాగే చుక్కలతో 'దా' అన్న తెలుగక్షరం. ఒరియా ఊళ్ళో ఒరియా కొట్టులో తెలుగక్షరం కనబడేసరికి, పరాయి ఊరి రైల్లో మనూరి మనిషి కనబడినట్టయింది ఆయనకి. చూడగానే సైకిలు స్టాండుదని పోల్చాడు.

సైకిలు స్టాండు బిళ్ళలు ఎప్పుడూ జంటగా ఉంటాయి. ఒకే నంబరువి రెండు. ఒకటి సైకిలు హ్యాండిలుకి తగిలిస్తారు, రెండోది సైకిలాయన చేతికిస్తారు. ఆయన తిరిగొచ్చి చేతిలోది ఇస్తే, హ్యాండిలుది విప్పి, రెంటినీ కలిపి మేకుకి తగిలిస్తారు. తిరుమలరావు దగ్గర అలాంటి ఒంటి బిళ్ళలు చాలా ఉన్నాయి గానీ జత ఒక్కటీ లేదు. జత దొరకాలన్నది ఆయన కోరిక. దొరికితే రెంటినీ ఒకే మేకుకి తగిలించాలని పలక మధ్యలో చోటు కూడా వదిలాడు. ధరణి ఆయన్ని పెళ్ళిళ్ళ పేరయ్యా అని పిలిచేది.

రాయగడ వచ్చాక తెలుగువాళ్ళు నడిపే సైకిలు స్టాండేదని కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. చివరికి మూతపడ్డ సినిమాహాలు పక్కన టీ కొట్టాయన చెప్పాడు, "దాలయ్య స్టాండు. ఆయన పోయేడు గానీ పెళ్ళాం అప్పమ్మ ఉన్నాది. ఎనకాలే."

వెనక రేకుల షెడ్డు. వందల సైకిళ్ళు నిలబడ్డ చోటు. సినిమాకొచ్చేవాళ్ళూ, పల్లెల నుంచి వచ్చి రైలెక్కేవాళ్ళూ అక్కడే పెట్టేవాళ్ళు. తర్వాత హాలు మూతపడింది, జనం బళ్ళు కొనుక్కున్నారు. ఇప్పుడా షెడ్డులో ఒక నులకమంచం, ఒక మూల టార్పాలిను కప్పిన ఆకారం ఒకటి, మంచం మీద ఒక ముసలమ్మ. తిరుమలరావు నమస్కారం పెట్టి, జేబులోంచి బిళ్ళ తీసి చూపించాడు.

అప్పమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. బొటనవేలితో ఆ చుక్కలు తడిమింది. ఆమె కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"వచ్చేవా నాయనా! ఇన్నాళ్ళకి వచ్చేవా!" అంటూ లేచి, మూలకి వెళ్ళి టార్పాలిను లాగేసింది.

కింద ఒక నల్ల సైకిలు. టైర్లు మాత్రం పగిలిపోయాయి. తక్కినదంతా, నిన్న తుడిచినట్టు తళతళలాడుతోంది. గొలుసుకి నూనె రాసి ఉంది. హ్యాండిలుకి, తాడుతో కట్టి, 63.

తిరుమలరావు గుండె జల్లుమంది. తను వెతుకుతున్న జత బిళ్ళ కళ్ళముందు ఊగుతోంది. కానీ ముసలమ్మ తనని ఆ సైకిలాయన అనుకుంటోందని అర్థమయ్యేసరికి సిగ్గేసింది. "అమ్మా, నాది కాదు. ఈ బిళ్ళ బోరిగుమ్మలో పాత సామాన్లలో కొన్నాను. నాకు ఇలాటివి పోగుచెయ్యడం సరదా. సైకిలు నాకొద్దు, ఆ హ్యాండిలుదొక్కటి ఇస్తావేటని వచ్చేను" అన్నాడు.

అప్పమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వెవరివని నానడిగేనా? ఈ స్టాండులో ఎవుల పేరూ ఎప్పుడూ అడగలేదు. టోకెను తెచ్చినోడిదే సైకిలు. మా ముసిలోడు పెట్టిన రూలు. బిళ్ళ ఇచ్చీ, సైకిలు అట్టుకెళ్ళు."

"అసలాయన వస్తేనో?"

"టోకెను లేకండా వస్తే ఇవ్వను. నాను సూస్తన్నది మనిషి కోసం కాదు, టోకెను కోసం."

ఆ మనిషెవరో ఆమెకీ తెలీదు. ఏదో వానాకాలం రైలుకి ఆలీసమైపోతోందని తడుస్తూ వచ్చి, సైకిలు పెట్టి, బిళ్ళ చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యేసుకుని పరిగెత్తాడట. అంతే. తర్వాత దాలయ్య జబ్బుపడి పోయాడు. పోయేముందు, మన జతలన్నీ తాడెక్కేయి, అరవై మూడొక్కటే రాలేదు, అది ఎక్కకుండా తలుపు ముయ్యకే అన్నాడట. కూతురు భారతిని పొట్టంగిలో ఇచ్చారు. వచ్చి నా దగ్గరుండిపోవే అమ్మా అని ఆ పిల్ల ఏళ్ళ తరబడి బతిమాలుతోంది. మనవరాలి బారసాలకి కూడా అప్పమ్మ పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేసింది. ఇప్పుడు స్థలం వాళ్ళు షెడ్డు తీసేస్తామంటున్నారు. పాతసామాన్ల వాడు ఆ సైకిలు ఇమ్మంటే చీపురు తిరగేసింది.

"ఇంకిక్కడ నాకు పనేటున్నాది? ఇదొక్కటే" అంది సైకిలు సీటు మీద చెయ్యి వేసి. "బిళ్ళ ఇచ్చీసి అట్టుకెళ్ళిపో బాబూ, పున్నెముంటాది."

బిళ్ళ ఇచ్చెయ్యాలి. అక్కడే తిరుమలరావుకి చిక్కొచ్చిపడింది. రెండూ తనకిచ్చి సైకిలు ఉంచుకోమంటే, టోకెను ఇచ్చి సైకిలు ఉంచుకోవడం ఏ స్టాండులో ఉందిరా అని ముసలమ్మ మండిపడింది. ఆయన బిళ్ళని మళ్ళీ జేబులో వేసుకుని, ఆదివారం వస్తానని చెప్పి బయటపడ్డాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంటుందని తెలుసు.

భోజనం దగ్గర ధరణికి అంతా చెప్పాడు. ఆవిడ చారు వడ్డిస్తూ వింది.

"ఏటంటావు?" అన్నాడు.

"నానేటంటాను? మీరేగా పని అయిపోయిన టోకెనే ముట్టుకుంతానంటారు. మరిది పని అయిపోయినదా?"

"బోరిగుమ్మలో కొన్నప్పుడు అయిపోయినదే అనుకున్నాను."

"ఆ ముసిలమ్మ ఇంకా దాని కోసం కూకొనున్నాది కదండీ" అంది ధరణి.

తిరుమలరావు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ బిళ్ళ బతికే ఉంది. తన గోడ మీద అది వేలాడినన్నాళ్ళూ ఒక ముసలమ్మ కూతురి దగ్గరికి వెళ్ళకుండా కూర్చుంది. ఇన్నేళ్ళకి కంటబడిన జత, ఇచ్చెయ్యాలంటే మనసొప్పడం లేదు. ఇవ్వకపోతే ఆ పలక ముందు కూర్చుని మళ్ళీ కాఫీ తాగలేడు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. అప్పమ్మ చేతిలో బిళ్ళ పెట్టాడు. ఆమె హ్యాండిలుది విప్పి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, దూలానికి వేలాడుతున్న తాడు దింపింది. ఆ తాడుకి స్టాండు బిళ్ళలన్నీ జతలు జతలుగా గుచ్చి ఉన్నాయి. అరవై రెండుకీ అరవై నాలుక్కీ మధ్య ఆ జతని దూర్చి ముడివేసింది. ఆ తాడు చూస్తే తిరుమలరావుకి నోరూరింది. అంత నిండైన వరస ఆయన జన్మలో చూడలేదు.

ఏళ్ళ అద్దె ఎంతో చెప్పమన్నాడు. సైకిలు పెట్టినప్పుడే తీసుకున్నాం, ఒక సైకిలుకి రెండుసార్లు తీసుకోం అంది. సైకిలుని తన చేత్తోనే నడిపించుకుంటూ వచ్చి ఆయనకి అప్పజెప్పింది.

ఆ తర్వాత మంచం కిందనుంచి సుత్తి తీసింది. గుమ్మంలో రాయి మీద మొదటి జత పెట్టి కొట్టింది. బిళ్ళలు రెండూ నడుముకి వంగిపోయాయి.

"అయ్యయ్యో! ఏటి సేస్తన్నావమ్మా?" తిరుమలరావు సైకిలు గోడకి చేరేసి పరిగెత్తుకొచ్చాడు. "అవి పాడుచెయ్యకు. నాకియ్యి. ఎంతైనా ఇస్తాను." కప్పు టీ ధర నియమం ఆ క్షణాన గాలిలో కలిసిపోయింది.

"స్టాండు మూసేక టోకెను బతికుండకూడదు బాబూ."

"నాను బాగా దాస్తాను. గోడకి పెట్టుకుని రోజూ సూసుకుంతాను."

అప్పమ్మకి కోపం రాలేదు. చంటివాడికి చెప్పినట్టు చెప్పింది. "నువ్వు దాస్తావు. మంచోడివి, నాకు తెలస్తన్నాది. నువ్వు పోయేక నీ పిల్లలు అమ్మీస్తారు. ఎవుడో కొంతాడు. నీలాగే అక్కడా ఇక్కడా అడిగి, సైకిలుందేమోనని ఇక్కడికి వస్తాడు. అప్పుడు నానుండను. ఆడికెవులు జవాబు సెప్తారు?"

తిరుమలరావు వంగిపోయిన మొదటి జతని చేతిలోకి తీసుకుని చూసి, రాయి పక్కన పెట్టేశాడు.

ఆమె మళ్ళీ సుత్తి ఎత్తింది. దెబ్బ పక్కకి పోతోంది. ఆయన కొంచెంసేపు చూసి, ఆమె పక్కన గొంతుకూర్చుని, చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. ఆమె ఒక్కొక్క జతా రాయి మీద పెట్టింది, ఆయన కొట్టాడు. అరవై మూడు వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. అప్పమ్మ తొందరపెట్టలేదు, ఆ జత మీద నుంచి వేలు మాత్రం తీసింది.

ఒక్క దెబ్బకి అది వంగలేదు. రెండోది గట్టిగా కొట్టాడు.

తాడు ఖాళీ అయ్యాక అప్పమ్మ చీర దులుపుకుని లేచి, షెడ్డంతా ఒకసారి చూసి, "భారతికి ఫోన్ సెయ్యి బాబూ" అంది. "మీ అమ్మ మజ్జాన్నం బస్సుకి వచ్చేస్తన్నాదని సెప్పు. మళ్ళీ ఎల్లదని సెప్పు."