పెద్ద జట్టు కోసం తిరిగిన జీవరాజు

జీవరాజు కూర్చుని అన్నం తినగా చూసినవాళ్ళు లేరని రాజమహేంద్రవరం మిషను పేటలో చెప్పుకునేవారు. కంచం అరచేతిలో పెట్టుకుని వాకిట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వీధిలోకీ తిరుగుతూ తినేవాడు. ఆదివారం గుడిలో ప్రార్థన అవుతున్నంతసేపూ బల్ల కింద అతని కాలు ఆడుతూనే ఉండేది. తండ్రి యెహెజ్కేలు లూథరన్ మిషనులో ఉపదేశి. ఊరూరా నడిచి వాక్యం చెప్పే ఓపికమంతుడు. "కాలే నిలవనివాడికి మనసేం నిలుస్తుంది ప్రభువా!" అని దిగులుపడేవాడు.

ఆ కాలికి పని దొరికింది మిషను బడిలోనే. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన ఒక కుర్ర మాస్టరు తన పెట్టెలో తోలుబంతి ఒకటి తెచ్చుకున్నాడు. సాయంకాలాలు పిల్లల్ని పోగేసి ఫుట్‌బాల్ నేర్పాడు. ఆయన వేరే ఊరు బదిలీ అయి వెళ్ళిపోయాడు గాని బంతి ఇక్కడే ఉండిపోయింది. కుట్లు ఊడినప్పుడల్లా పేటలో చెప్పులు కుట్టేవాళ్ళు మళ్ళీ కుట్టి ఇచ్చేవారు. చదువులు ముగిసి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డా, సాయంత్రమైతే అందరూ బంతి దగ్గరికి చేరేవారు. అదే మిషను జట్టు. వేసవిలో గోదావరి తగ్గిపోయి ఇసుక తిన్నె పైకి తేలితే అక్కడే ఆట. వెదురు గెడలే గోలుపోస్టులు. ఎవరికీ బూట్లు లేవు. జీవరాజు ముందు వరసలో ఆడేవాడు. అతని చిన్ననాటి స్నేహితుడు, అదే బడిలో పంతులుగా చేరిన రాజరత్నం, గోలు కాసేవాడు.

గోదావరి మీద రైలు వంతెన కట్టడం మొదలయ్యాక ఊరి రూపే మారిపోయింది. గట్టు పొడుగునా గుడారాలు, ఆవిరి యంత్రాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మేస్త్రీలు, గుమాస్తాలు, దొరలు. జీవరాజుకి ఇనుప దూలాలకి రివిట్లు కొట్టే ముఠాలో పని దొరికింది. క్యాంపులో ఉన్న దొరలూ మద్రాసు గుమాస్తాలూ కలిసి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. వాళ్ళకి చదును చేసిన మైదానం, చారల చొక్కాలు, బూట్లు, ఆట రోజున బ్యాండు మేళం. కాకినాడ రేవు జట్టునీ, బెజవాడ నుంచి వచ్చినవాళ్ళనీ ఓడించారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని పెద్ద క్లబ్బు అనడం మొదలుపెట్టారు.

ఆ మాట జీవరాజు చెవిలో ఈగలా దూరింది.

"నిన్న గాక మొన్న పుట్టింది. అది పెద్ద క్లబ్బేంటిరా? మనం ఎన్నాళ్ళ బట్టి ఆడుతున్నాం?" అన్నాడు రాజరత్నంతో.

"వాళ్ళు గెలుస్తున్నారు. గెలిచేవాళ్ళని పెద్దోళ్ళంటారు. నీకెందుకురా ఆ గొడవ? రేపు ఆట ఉంది, పద."

ఆడాడే గాని, ఆ గొడవ అతన్ని వదల్లేదు. పని దిగాక ఇంటికి పోకుండా క్యాంపు మైదానం చుట్టూ తిరిగేవాడు. బంతి గీత దాటి వస్తే ఎడంకాలితో తన్ని లోపలికి పంపేవాడు. ఆ తన్ను క్లబ్బు పెద్ద డిక్రూజ్ కంటపడింది. ఆయన ఇనుప పని మీద సూపర్‌వైజరు. తండ్రి దొర, తల్లి ఈ దేశపు మనిషి. వచ్చీరాని తెలుగులో పిలిచాడు.

"నీ కాలు ఇసుకలో పాడవుతోంది. మా క్లబ్బులో ఆడతావా?"

జీవరాజు ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తాడు. భార్య సువార్తమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆమె మిషను ఆడపిల్లల బడిలో చదువుకున్న మనిషి, మాట తక్కువ. అంతా విని, "రత్నంగారితో చెప్పారా?" అని ఒక్కటే అడిగింది.

రాజరత్నంతో చెప్పడానికి జీవరాజుకి వారం పట్టింది. చెప్పినప్పుడు రాజరత్నం కోప్పడలేదు. చేతిలో బంతిని తిప్పుతూ, "వెళ్ళు. ఇక్కడ ఉన్నా నీ మనసు అక్కడే ఉంటుంది. అయితే ఒరే, ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళు మనతో ఆడతారు, అది మర్చిపోకు" అన్నాడు.

పెద్ద క్లబ్బులో జీవరాజుని ఎవరూ చులకన చెయ్యలేదు. చొక్కా ఇచ్చారు. బూట్లు ఇచ్చారు గాని అవి కరిచి పుళ్ళు పడితే, ఉత్త కాళ్ళతోనే ఆడనిచ్చారు. కాకినాడ వాళ్ళ మీద కప్పు ఆటలో అతను కొట్టిన గోలుతోనే గెలిచారు. డిక్రూజ్ అతని చేతికి కప్పు అందించాడు. తరవాత అందరితో పాటు గుడారంలోకి పిలిచి టీ ఇచ్చారు. జీవరాజు గెలిచిన కప్పుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ మాటలు సాగుతున్నాయి. ఒకతను మద్రాసు ఇంటి సంగతి, ఒకతను రాబోయే బదిలీ సంగతి, ఇంకొకతను ఇంతకు ముందు కట్టిన వంతెన సంగతి. ఆట మాట ఎవరూ ఎత్తలేదు. బయట బ్యాండువాళ్ళు సరంజామా సర్దుకుంటున్నారు. జీవరాజు టీ సగంలో వదిలేసి లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో రెండు జట్లకీ ఆట కుదిరింది. ఆట పెద్ద క్లబ్బు మైదానంలోనే అయినా, గట్టు మీద చేరిన జనమంతా మిషను జట్టు మనుషులే. పేటవాళ్ళ వెనక పడవలవాళ్ళు, వాళ్ళ వెనక బజారు మూసేసి వచ్చిన కోమట్లు, కోర్టు పనుల మీద ఊళ్ళోకి వచ్చిన రైతులు. మిషను జట్టువాడు బంతి తాకితే చాలు, గోల. ఆట ముగియబోతుండగా జీవరాజుకి బంతి దొరికింది. ఎదురుగా రాజరత్నం ఒక్కడే. అతను ఏ వైపు దూకుతాడో జీవరాజుకి చిన్నప్పటి నుంచీ తెలుసు. రెండో వైపు కొట్టాడు.

బంతి లోపలికి వెళ్ళింది. గట్టు మీద ఒక్క నోరు లేవలేదు. క్లబ్బువాళ్ళు నలుగురు చప్పట్లు కొట్టారు. అవి ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయి.

ఇంటికి వెళ్ళేసరికి సువార్తమ్మ నీళ్ళు తోడి ఉంచింది.

"గోలు బాగుందండి. అరుద్దామని నోరు తెరిచాను. ఎవరి పేరు పెట్టి అరవాలో తెలియలేదు" అంది.

అతను స్నానం చెయ్యకుండానే మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయాడు.

వంతెన పూర్తయింది. రైలు దాటింది. ఆ సంబరం చల్లారకముందే గుడారాలు పీకేశారు, యంత్రాలు వ్యాగన్లకెక్కాయి. మైదానంలో గేదెలు మేయడం మొదలైంది. డిక్రూజ్ ఉత్తరాన ఒరియా దేశంలో మరో నది మీద పనికి వెళుతూ, "మాతో రా, క్లబ్బు కూడా వస్తుంది" అన్నాడు. జీవరాజు సువార్తమ్మని పుట్టింట్లో దింపి రైలెక్కాడు.

క్లబ్బు వచ్చిందనే చెప్పాలి. చొక్కాలు వచ్చాయి, కప్పు వచ్చింది. ఆడేవాళ్ళు మాత్రం కొత్తవాళ్ళు. క్లబ్బుకి ఆ నది పేరు పెట్టారు. కొన్నాళ్ళకి డిక్రూజ్‌ని బర్మా పంపించారు. ఒకసారి ఆట అయ్యాక జీవరాజు పక్కనున్న కుర్రాడితో, "గోదావరి మీద కాకినాడవాళ్ళని కొట్టాం చూడు, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు మర్యాదగానే విన్నాడు. "అది మన క్లబ్బేనా?" అని అడిగాడు. తరవాత మేకులకని స్టోర్లోకి వెళితే కప్పు కనిపించింది. దాన్నిండా సుద్దముక్కలు వేసి ఉన్నాయి. జీవరాజు చొక్కా కొసతో దాన్ని తుడవబోయి, ఆగిపోయి, మేకులు తీసుకుని బయటికి వచ్చేశాడు. నెల తిరక్కుండా, పుట్టింటి నుంచి సువార్తమ్మని తీసుకుని రాజమహేంద్రవరంలో దిగాడు.

ఇక్కడా కుదురు లేదు. ముందటి వరదకి ఇసుక తిన్నె కొట్టుకుపోయింది, ఆడడానికి చోటు లేదు. మిషను జట్టులో సగంమంది పనుల కోసం చెదిరిపోయారు. రాజరత్నం మిగిలినవాళ్ళని పోగేసి బడి వాకిట్లోనే ఆడిస్తున్నాడు. జీవరాజు వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు.

"వచ్చావా? పెద్ద క్లబ్బు ఏమైంది?"

"లేదురా."

"లేదంటే?"

"వంతెన అయిపోయింది, క్లబ్బూ అయిపోయింది. వాళ్ళకి ఊరు లేదు రత్నం."

"మనకి ఊరుంది, చోటు లేదు" అన్నాడు రాజరత్నం. అంతకు మించి ఆదరించలేదు. జట్టులోకి తీసుకున్నాడు గాని, ముందు వరసలో కాదు, వెనక. జీవరాజు చొక్కా విప్పి గోడ మీద వేసి ఆటలో దిగాడు.

చోటు కోసం వెతికే పని మాత్రం తానే నెత్తినేసుకున్నాడు. కోరుకొండ దారిన, కడియం దారిన, ధవళేశ్వరం దారిన కనిపించిన ప్రతి మోతుబరినీ అడిగాడు. కొందరు నవ్వారు, కొందరు వాకిట్లోకి కూడా రానివ్వలేదు. కడియం దగ్గర జగన్నాథరావు అనే రైతు మాత్రం అరుగు మీద నుంచి అతన్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వు వంతెనవాళ్ళ తరపున గోలు కొట్టినవాడివి కదూ?"

జీవరాజు తల దించుకున్నాడు. "చిత్తం బాబుగారూ."

"ఆ రోజు కోర్టు పని మీద వచ్చి గట్టు మీద నిలబడ్డాను. అంతకు ముందు ఆ ఆట చూసి ఎరగను. మీవాళ్ళు ఉత్త కాళ్ళతో ఆడుతుంటే ఎందుకో నావాళ్ళే అనిపించింది. నువ్వు గోలు కొట్టాక రెండు పూటలు నాకు అన్నం సయించలేదయ్యా!"

జీవరాజు తలెత్తి ఆయన వంక చూశాడు. ఈయన మతం వేరు, ఊరు వేరు. మిషను జట్టులో ఈయన బంధువు ఒక్కడూ లేడు. ఓడినందుకు ఈయన అన్నం మానడమేంటి? పెద్ద క్లబ్బు గుడారంలో తాను ఇన్నాళ్ళూ వెతుక్కున్నదేదో ఈ అరుగు మీద ఉన్నట్టు అతనికి తోచింది.

జగన్నాథరావు తమ్ముళ్ళు ఒప్పుకోలేదు. "మన చేలో వాళ్ళ ఆటేంటి? రేపు చేను కూడా అడుగుతారు" అన్నారు. ఆయన వినలేదు. ఆ ఏడు కోతలయ్యాక కాలవ పక్క చేలో పెసలు చల్లకుండా వదిలేశాడు. జట్టంతా వెళ్ళి మధ్య గట్టు కొట్టి చదును చేశారు, కోశాక నేలలో మిగిలిన వరి కొయ్యలు చెక్కేశారు. ఆయన పాలేళ్ళు కూడా గునపాలు పట్టారు.

అక్కడ మొదటి ఆట కాకినాడ రేవు జట్టుతో. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. గట్ల మీద ఒకవైపు పేటవాళ్ళు, ఒకవైపు రైతులు విడివిడిగానే నిలబడ్డారు. ఆట వేడెక్కాక ఎవరు ఎటు జరిగారో ఎవరికీ పట్టలేదు. చెరో గోలు అయ్యాక రాజరత్నం వెనక నుంచి కేకేశాడు: "జీవరాజూ, ముందుకి పో!"

అతను పోయాడు. ఎడంపక్క నుంచి బంతి వచ్చింది. గోలు కాసేవాడు అప్పటికే పడిపోయి ఉన్నాడు, గెడల మధ్య ఖాళీ. అలాంటి బంతిని జీవరాజు నిద్రలో కూడా లోపలికి కొట్టేవాడు. కాలు వరి కొయ్యకి తగిలింది. బంతి గెడ మీదుగా కాలవలో పడింది. కాసేపటికే కాకినాడవాళ్ళు రెండో గోలు కొట్టి ఆట గెలిచారు.

జీవరాజు నేల మీద కూలబడ్డాడు. ఇక ఈ ఊళ్ళో తల ఎత్తలేననుకున్నాడు. మళ్ళీ ఏ రైలు ఎక్కాలా అని అప్పుడే మనసు పరుగెడుతోంది. ఇంతలో లోవలక్ష్మి అనే ముసలావిడ, జగన్నాథరావు చేలో ఊడ్పులకి వచ్చే కూలీ, గట్టు దిగి గబగబా వచ్చి అతని ముందు నిలబడింది.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? అంత వాకిలి తెరిచి పెడితే కాలవలోకి తన్నుతావా? పొద్దున గంజి కూడా తాగకుండా వచ్చాన్రా నీ ఆట కోసం!"

వెనకే ఇంకో నలుగురు వచ్చారు. కాలు ఎలా తిప్పాల్సిందో ఒకడు చూపించాడు. ఇంకొకడు వాణ్ణి తోసేసి అలా కాదన్నాడు. జగన్నాథరావు కండువా దులుపుతూ వచ్చి, ఆ కొయ్య సరిగ్గా చెక్కని పాలేరెవడో తేల్చాలని పట్టుబట్టాడు. రాజరత్నం నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

జీవరాజు లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. "బంతి ఎత్తు మీద వచ్చిందమ్మా" అన్నాడు లోవలక్ష్మితో.

"ఎత్తు మీద వస్తే ఆగాలి. ఆగడం నీకు తెలిస్తేగా!"

ఆ వాదం అక్కడితో తెగలేదు. రాజమహేంద్రవరం దారి పొడుగునా వాళ్ళు అతని వెంటే నడుస్తూ తిడుతూనే ఉన్నారు. అతనూ ఒక్కొక్కరికీ జవాబు చెబుతూ, మళ్ళీ ఆటకి ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో రాజరత్నంతో తగువు పడుతూ, అందరికంటే ముందు నడిచాడు.