తడి వాకిలి

మా వార్డులో కౌన్సిలరుగా గెలిచిన పార్షద్ అక్క నీళ్ల కోసం మునిసిపల్ ఆఫీసుకెళ్లి ఉత్త చేతులతో వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పుతూ "మళ్లీ ఎల్తాను" అనేది. కుమ్హారి ఊరి దగ్గర మా తెలుగోళ్ల కాలనీ ఏడాదికో వీధి పెరిగింది గానీ కొళాయి లైను రాలేదు. ట్యాంకరే దిక్కు.

ఆఖరికి అక్క పోరు పడలేక ఒక ఆఫీసరు సాహెబ్ మా నీళ్ల కరువు చూడ్డానికొచ్చాడు. ఆడవాళ్లంతా దాచుకున్న నీళ్లతో వీధి పొడుగునా కళ్లాపి చల్లి ముగ్గులేశారు. చల్లటి నిమ్మరసం ఇచ్చారు. ఆయన గ్లాసు ఖాళీ చేసి, తడి వీధి చూసి, "పానీ తో బహుత్ హై" అని, నీళ్లకు లోటు లేదని తేల్చేసి జీపెక్కాడు.

"ఏటక్కా, పన్నీరు కూడా చల్లకపోయారా?" అన్నాను.

అక్క అరుగు మీద కూలబడింది.

"కళ్లాపి మొదలెట్టింది నేనేరా. పొడి వాకిట్లోకి మనిషినెలా రమ్మంటాం?"