లాకు దగ్గర ఆగే పాట

మాస్టారు పోయారన్న సంగతి నాకు పేపర్లో చూస్తే తెలిసింది. జిల్లా అనుబంధం చివరి పేజీలో, ఒక చిట్‌ఫండ్ ప్రకటన కింద, మూడు నాలుగు వాక్యాలు. ‘భవానీపురానికి చెందిన సంగీత ప్రియుడు కన్నుమూత’ అని శీర్షిక. సంగీత ప్రియుడట! జీవితమంతా ఈత నేర్పినవాడు పోతే, పాపం నీళ్లంటే ఇష్టపడేవాడు అని రాసినట్టుంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. తప్పు కళ్లజోడుది కాదు.

ఆయన పాటలు కట్టేవారు. పాటలు నేర్పేవారు. ఈ రెండు ముక్కలు రాయడానికి విలేకరికి చెయ్యి రాకపోతే నేను రాస్తాను. ఈ వయసులో నాకు ఎవరి దగ్గరా మొహమాటం లేదు. దాచుకోవలసిన మర్యాద కూడా పెద్దగా మిగల్లేదు.

మా ఆవిడకు ఉబ్బసం. ఆమె పుట్టిల్లు గుడివాడ దగ్గర ఒక బియ్యం మిల్లు గోడనానుకుని ఉండేది. ఊక దుమ్ములోనే పెరిగింది. నలభై దాటాక ఒకరోజు ఉన్నట్టుండి, “ఏమండీ, నేను పాట నేర్చుకుంటాను,” అంది. ఊళ్లో పేరున్న ఒక విదుషి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మా ఆవిడను ఎగాదిగా చూసి, “ఈ ఊపిరితో పాటేమిటమ్మా, వీణ నేర్చుకోండి,” అంది. ఆ విదుషి ఇంకా ఉంది. సన్మానాలు కూడా జరుగుతున్నాయి.

ఆ తరువాతే భవానీపురంలో మాస్టారి మేడమీది గదికి వెళ్లాం. కింద లారీల టింకరింగ్ షెడ్డు. రోజంతా రేకుల మీద సుత్తి దెబ్బలు. ఇంత చప్పుడులో పాఠం ఎలా చెబుతారని అడిగాను. “వాడికి శ్రుతి లేదు గానీ సార్, తాళం మాత్రం ఎప్పుడూ తప్పడు,” అన్నారు మాస్టారు.

మొదటిరోజు సరిగమలు చెప్పలేదు. “ఇవాళ మీ ఇంట్లో ఏం వండారో చెప్పండమ్మా. ఆగకుండా చెప్పాలి,” అన్నారు.

మా ఆవిడ సిగ్గుపడుతూ గోంగూర పప్పు దగ్గర మొదలుపెట్టింది. హార్మోనియం తిత్తి మీద ఆయన ఎడమ చెయ్యి ఆమె మాటతోపాటు కదిలింది. వేపుడు దాటి చారు దాకా వచ్చేసరికి ఆమెకు ఆయాసం వచ్చి ఆగింది. తిత్తీ ఆగింది. ఆమె మళ్లీ ఊపిరి తీసుకునేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

“సరిపోతుంది. చారు దాకా వచ్చే ఊపిరి ఉంది,” అన్నారు. “పెద్ద పెద్ద విద్వాంసులకి పప్పు దాటదు.”

అదీ ఆయన పద్ధతి. దర్జీ కొలతలు తీసుకున్నట్టు ముందు శిష్యుల ఊపిరి కొలిచేవారు. ఆ కొలతకు వరుస కట్టేవారు. ఒకరి కోసం కట్టిన పాట ఇంకొకరికి చెప్పేవారు కాదు. “మనిషిని పాటకి సరిపెట్టాలంటే రంపం కావాలి సార్. పాటని మనిషికి సరిపెట్టడానికి సూది చాలు,” అనేవారు. నేను గోడవార బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ బెంచీ మీద ఎన్ని పుస్తకాలు చదివానో గుర్తులేదు గానీ, ఈ మాట గుర్తుంది.

ఆయన తండ్రి హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి. హార్మోనియం అక్కడ అబ్బింది. తరువాత కొన్నేళ్లు కూచిపూడిలో నాట్య బృందాల వెనక కూర్చుని పాడారు. క్రిస్మస్‌కు చర్చి వాళ్లకూ, దసరాకు పందిళ్ల వాళ్లకూ వరుసలు కట్టేవారు. పాస్టరు గారు “మీ పాటలో గజ్జెల చప్పుడు వినిపిస్తోంది,” అని సణిగేవారట. సంగీత సభల వాళ్లు “మీ కీర్తనలో చర్చి గంట వినిపిస్తోంది,” అనేవారట. “ఇద్దరి చెవులూ బాగానే పనిచేస్తున్నాయి సార్. సంతోషించాలి,” అని నవ్వేవారు. సభల వాళ్లు మాత్రం ఆయన్ని ఒక్కనాడూ వేదిక ఎక్కనివ్వలేదు.

ఒక జూన్‌లో బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలారు. ఆటోలో వస్తూ వంతెన మీద చూసిన ఆ ఎర్రనీళ్ల గురించి మా ఆవిడ చిన్నపిల్లలా చెప్పింది. మళ్లీ పాఠానికి వెళ్లేసరికి పాట తయారు. ‘వచ్చె వచ్చె కాలువ నీరు, వాకిలిదాకా’ అని ఎత్తుకుని, అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, ‘వచ్చె’ అని దిగుతుంది. చరణాలన్నిట్లోనూ ఆ ఆగడం ఉంది.

“మాస్టారూ, అక్కడ ఆగితే నా ఆయాసం అందరికీ తెలిసిపోతుందండీ,” అంది మా ఆవిడ.

“కాలువ లాకు దగ్గర పడవ ఆగితే పడవకి ఆయాసమంటారా అమ్మా? అటు నీళ్లూ ఇటు నీళ్లూ సమమయ్యేదాకా ఆగుతుంది. అప్పుడే తలుపు తీస్తారు. మీరూ తలుపు తీసేదాకా ఆగండి. వినేవాళ్లు ఎక్కడికీ పోరు, కాసుకుని కూర్చుంటారు.”

నిజంగానే కూర్చున్నారు. కార్తీక మాసం వనభోజనాల్లో ఆమె ఆ పాట పాడింది. ‘వాకిలిదాకా’ అని ఆగితే, పులిహోర వడ్డిస్తున్న గరిటె కూడా ఆగింది. ఒక సాంస్కృతిక సభ కార్యదర్శి గారు టేప్ రికార్డరుతో సహా అక్కడే ఉన్నారు. “ఎంత పాత పాటమ్మా!” అని మెచ్చుకున్నారు. “పాతది కాదండీ, మా మాస్టారు కట్టారు,” అని ఆమె చెప్పింది. నా ఎదురుగా చెప్పింది. ఆయన తల ఊపారు కూడా.

మరుసటి ఏడు కృష్ణాతీర జానపదాలంటూ క్యాసెట్ వచ్చింది. అందులో ఈ పాట. కింద ‘సేకరణ’ అని కార్యదర్శి గారి పేరు. సేకరణ అనే మాటకు దొంగతనమనే అర్థాన్ని మన నిఘంటువులు ఇంకా ఎందుకు చేర్చలేదో నాకు తెలియదు.

నేనూ మాస్టారూ కార్యదర్శి గారింటికి వెళ్లాం. కాఫీ తెప్పించారు.

“జానపదమంటే ఏ ఒక్కరిదీ కాదు మాస్టారూ, అందరిదీ. మీ పాటకి ఆ గౌరవం దక్కిందని సంతోషించాలి గానీ,” అన్నారు కార్యదర్శి గారు.

“సంతోషమేనండీ. అందరిదీ అయితే మరి మీ ఒక్కరి పేరే ఉందేమిటి?”

“రాతపూర్వకంగా ఏదైనా ఆధారం ఉంటే చూపించండి.”

“నా పాట రాతలో ఉండదండీ. గొంతులో ఉంటుంది.”

మాస్టారు కాఫీ ముట్టకుండా లేచారు. మెట్లు దిగాక, “వాసన చూస్తే మంచి కాఫీలా ఉంది సార్. అదొక్కటే బాధ,” అన్నారు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చారు. ఒకరి పాట ఇంకొకరికి చెప్పని మనిషి, ఆ ఒక్క పాట మాత్రం వచ్చిన ప్రతి శిష్యుడికీ చెప్పారు. మొదలుపెట్టే ముందు ‘ఇది నేను కట్టిన పాట, ఉబ్బసమున్న ఒక అమ్మ ఊపిరికి కట్టిన పాట’ అని చెప్పి మరీ చెప్పారు. ఎంత ఊపిరున్న పిల్లలైనా సరే, అక్కడ ఆగాల్సిందే. “సొత్తు ఊరందరి దగ్గరా ఉంటే దొంగ దాన్ని ఎవరికి అమ్ముతాడు సార్?” అనేవారు.

కార్యదర్శి గారు ఊరుకున్నారా? ఒక సావనీరులో వ్యాసం రాశారు. నాట్లు వేసే స్త్రీలు వంగి లేచేటప్పుడు పడే విరుపే ఈ పాటలోని విరామానికి మూలమట. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఆధారం లేని సిద్ధాంతాలకు జాలిపడి మార్కులు వేసినవాణ్ణి. దీనికి మాత్రం వెయ్యలేను. మా ఆవిడ జన్మలో ఒక్క మొక్క నాటలేదు. జలగలకు భయపడి గట్టు దిగని మనిషి.

మాస్టారి సంతాప సభకు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆ కార్యదర్శి గారే. బతికుండగా ఎక్కనివ్వని వేదిక మీద ఫొటో పెట్టి దండ వేశారు. “మాస్టారికి ప్రాణప్రదమైన ఒక జానపద గేయంతో నివాళులర్పిద్దాం,” అన్నారు. ఒక యువ గాయకుడు అందుకున్నాడు. హార్మోనియం మీద వన్‌టౌన్ బట్టల కొట్టు సాయిబు గారి అమ్మాయి, మాస్టారి శిష్యురాలు. ఇప్పుడు మా వీధి స్కూల్లో పాటల టీచరు. ‘వాకిలిదాకా’ తరువాత గాయకుడు ఆగకుండా సంగతులు వేసుకుంటూ పోయాడు. ఆ అమ్మాయి తిత్తి ఆపేసింది. అతని సంగతులు ఒంటరిగా గాల్లో గిరికీలు కొట్టాయి.

నేను లేచాను. “అది జానపదం కాదండీ. ఆ ఫొటోలో ఉన్నాయన కట్టిన పాట.”

“లెక్చరర్ గారూ, ఇది సంతాప సభ. కోర్టు కాదు.”

“సంతాపం ఎవరికి చెబుతున్నారో తేల్చుకుందామని.”

“ఆధారం ఉందా?”

చొక్కా పట్టుకుని నన్ను వెనక్కి లాగుతుందనుకున్న మా ఆవిడ లేచి నిలబడింది. “ఉందండీ. నేనే,” అంది.

పాడింది. సాయిబు గారి అమ్మాయి ఆమె వైపే చూస్తూ తిత్తి కదిపింది. ‘వాకిలిదాకా’ దగ్గర మా ఆవిడ ఊపిరి అయిపోయింది. హాల్లో గొంతు కలిపిన శిష్యులందరూ ఆగారు. ఆమె ఛాతీలో పిల్లికూతలు మైకు లేకుండానే వినిపించాయి. తొడ మీద తాళం వేస్తున్న కార్యదర్శి గారి చెయ్యి, పాపం, ఆయనకు తెలియకుండానే పైకి లేచి ఆగింది. ‘వచ్చె’ అన్నాకే కిందికి దిగింది.

ఆయన ఒప్పుకున్నారని రాయడానికి ఇది కథ కాదు. “సమయాభావం వల్ల,” అంటూ వందన సమర్పణలోకి వెళ్లిపోయారు. మర్నాడు పేపర్లో ‘జానపద గేయాలతో నివాళి’ అని పడింది. సరే. నేను కూడా ఇక్కడ అచ్చులోనే చెబుతున్నాను. ఆ పాట మాస్టారిది. కాదన్నవాళ్లు ఆ ఆగడం ఎందుకో నా ముందు నిలబడి చెప్పాలి.

మా వీధి స్కూల్లో ఇప్పుడు వార్షికోత్సవానికి పిల్లల చేత ఆ పాటే సాధన చేయిస్తున్నారు. మధ్యాహ్నం పూట బాల్కనీలోకి వినిపిస్తుంది. ఒక్కొక్కడూ వీధి చివరిదాకా కేకవేయగల పిల్లలు. ‘వాకిలిదాకా’ అని అందరూ ఒక్కసారిగా ఆగుతారు. తమకు అవసరం లేని ఊపిరి ఒకటి నిండుగా తీసుకుంటారు. ఇక్కడ కుర్చీలో మా ఆవిడ, వాళ్లతోపాటు తీసుకుంటుంది.