సిల్వర్‌కు జోడీ మాట

నా చిన్నప్పుడు ఒక చోట కుదురుగా కూర్చోవడమన్నది నాకు చేతనయ్యేది కాదు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టిందని మా అవ్వ అనేది. అన్నం తింటూ కూడా రెండుసార్లు గడప దాటి వచ్చేదాన్ని. మా నాయన బొగ్గింజన్ల మీద ఫైర్‌మన్. గుంతకల్లులో రైల్వే వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో మా కాపురం. ఆ ఏడు కూడా వానలు మొహం చాటేశాయి. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి తెల్లవారకముందే మా వీధిలో సిల్వర్ బిందెలు బారులు తీరేవి. మా వైపు అల్యూమినియం సామానును సిల్వర్ అంటారు. వెండికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

అలాంటి ఒక పొద్దున మా తమ్ముడికి మూర్ఛ వచ్చింది. వాడికి మూడేళ్ళు. రెండు రోజుల నుంచి ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ ఒడిలో ఉన్నవాడు ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయాడు, కళ్ళు పైకి తిరిగిపోయాయి. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నాయన, ఒంటి మీద బొగ్గు మసి కూడా కడుక్కోకుండా వాడిని భుజాన వేసుకుని రైలాసుపత్రికి పరుగెత్తాడు. వెనకే అమ్మ. నేనూ చెప్పులు వేసుకున్నాను. "నువ్వు వద్దు, ఆడ ఒక చోట ఉండవు" అని నన్ను పక్కింటి అక్కకు అప్పజెప్పి పోయారు.

పక్కింటి అక్క గార్డు గారి కూతురు. వాళ్ళు కిరస్తానీలు. అక్క బళ్ళారిలో చదువుకుని వచ్చి, టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండేది. సాయంత్రాలు నాకు కాస్త ఇంగ్లీషు చెప్పేది. క్యాట్‌కు ర్యాట్, రెయిన్‌కు ట్రెయిన్ అని చివర్లు కలిసే మాటలు వెదికే ఆట ఒకటి నేర్పింది. వాటిని నేను జోడీ మాటలనేదాన్ని.

ఆ పొద్దున నేను వాళ్ళ గుమ్మానికీ వీధి మలుపుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. బిందెల దగ్గరున్న ఆడవాళ్ళందరూ నన్ను చూసి ఏం కాదులే అన్నారు. తమ్ముని కళ్ళు నేను చూశాను, వాళ్ళు చూడలేదు. చూడనివాళ్ళకు ఏం కాదని ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఒకసారి ఎవరూ చూడకుండా ఆసుపత్రి దారి పట్టాను. అక్క వెనకాలే వచ్చి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. తిట్టలేదు, ఏం కాదులే అని కూడా అనలేదు. గుమ్మంలో ఉన్న బిందెను కాసేపు చూసింది.

"సిల్వర్‌కు జోడీ మాట చెప్పు మే. దగ్గరిది కాదు, సరిగ్గా అతికేది. యాడికన్నా పో, ఎవురినన్నా అడుగు, మన వీధి మాత్రం దాటొద్దు. దొరికినప్పుడల్లా వచ్చి నాకు చెప్పల్ల."

కూర్చోమనకుండా తిరగమన్న పెద్దమనిషిని నేను అంతవరకు చూడలేదు. వెంటనే మొదలుపెట్టాను. మా బడిలో అయ్యవారు పద్యం చెప్పేటప్పుడు ప్రాస కోసం ప్రతి పాదంలో రెండో అక్షరం చూడమనేవారు. ఇంగ్లీషుకూ అదే ధర్మమనుకుని నేను సిల్వర్‌లో రెండో అక్షరం పట్టుకున్నాను. నాలుగడుగులు వేయకముందే దొరికింది. పరుగున వచ్చి, బిల్వ అన్నాను. బిల్వపత్రంలో బిల్వ. అక్క ఆ పొద్దున మొదటిసారి నవ్వింది.

"అది శివునికి సరిపోతాది గానీ ఇంగ్లీషుకు చాలదు. చివర కూడా కలవల్ల."

తరువాత మాటలు నా నోటికి వాటంతటవే వచ్చాయి. పవర్, ఫ్లవర్, కవర్, డ్రైవర్. ఒక్కొక్కటీ అక్క ముందు పెట్టేదాన్ని. అక్క ప్రతిదాన్నీ సిల్వర్ పక్కన పెట్టి రెండుసార్లు పైకి పలికి, చెవితో తూచి, అతకలేదనేది. చివరి వర్ ఒక్కటి కలిస్తే చాలదట, ముందున్న ఇల్ కూడా రావాలట. ఆ పలకడంలో ఎక్కడా పిల్లదాన్ని ఆడిస్తున్న పద్ధతి ఉండేది కాదు. అందుకే నాకు రోషం పెరిగింది. వీధి చివర సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసే మామ నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్నాడు. తలుపు బాది లేపాను. ఆయన ఒక కన్ను తెరిచి, లీవర్ అని చెప్పి, మళ్ళీ ముసుగు తన్నాడు. రాత్రంతా సిగ్నల్ లీవర్లు లాగే మనిషికి ఇంకేం గుర్తొస్తుంది?

అక్క లీవర్‌ను కాస్త ఎక్కువసేపు తూచింది. దగ్గరికొచ్చినావు అంది. ఆ దగ్గరికి అన్న మాట నన్ను ఇంకా తరిమింది. ఎండ నడినెత్తికి వచ్చింది, వీధిలో దుమ్ము లేచి తిరుగుతోంది. నేను లీవర్ లీవర్ అని గొణుగుతూ, మొదటి అక్షరం మార్చుకుంటూ తిరుగుతున్నాను. అలా మారుస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. పొద్దున నాయన అమ్మతో అన్న మాటే అది. ఫీవర్.

అది అక్కకు చెప్పలేకపోయాను. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. వెక్కుతూనే ఆ మాట చెప్పాను. అక్క దాన్ని మాత్రం సిల్వర్ పక్కన పెట్టి పలకలేదు. నన్ను దగ్గరికి లాక్కుంది. తమ్ముడు చచ్చిపోతాడా అని అడిగాను. పొద్దుటి నుంచి అడగాలనుకున్నది అదే.

"నాకూ తెల్దు మే" అంది అక్క. "తెలిస్తే నీకు చెప్పనా?"

ఆ మాట విని నేను మరింత ఏడవాలి. కానీ నా ఏడుపు నెమ్మదించింది. నాకు ఎంత తెలియదో ఒక పెద్దమనిషికీ అంతే తెలియదని, అయినా ఆమె లేచి పోవడం లేదని తెలిసి ధైర్యం వచ్చింది. కాసేపటికి అక్క తనే ఒక మాట చెప్పింది. రివర్. మా అవ్వది బెళుగుప్ప దగ్గర పల్లె. అక్కడ హగరి ఏరు అంటే నాకు తెలిసింది ఇసుకే, చెలమ తవ్వి గిన్నెతో నీళ్ళు తోడుకోవడమే. అయినా ఆ మాట బాగుంది. ఇది అతికిందా అని అడిగాను.

"లేదు. ఇది గూడ దగ్గరిదే. సిల్వర్‌కు సరిగ్గా అతికే మాట ఇంగ్లీషులో లేదంట. మా టీచరమ్మ ఎప్పుడో చెప్పింది."

నాకు కోపం నషాళానికి అంటింది. మరి నన్నెందుకు ఇంత తిప్పినావని నిలదీశాను.

"పొద్దు పోవల్ల గదా" అంది అక్క. "నీకే కాదు మే, నాగ్గూడ."

అప్పుడు ఆమె ముఖం సరిగ్గా చూశాను. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. తమ్ముడు నడక నేర్చుకున్నది వాళ్ళ వరండాలోనే.

పొద్దు వాలుతుండగా నాయన ఒక్కడే రావడం కనిపించింది. ఆ ఒక్కడే రావడం చూసి నా కాళ్ళు కదల్లేదు. నా జీవితంలో కాళ్ళు కదలకపోవడం అదే మొదలు. నాయన దగ్గరికి వచ్చి, మసి మీద చెమట చారలు కట్టిన ముఖంతో, "బతికినాడు. కండ్లు తెరిసి నీళ్ళు అడిగినాడు" అన్నాడు. అమ్మ అక్కడే ఉందట, దుప్పటి కోసం తాను వచ్చాడట. అక్క లోపలికి వెళ్ళిపోయి చాలాసేపు బయటికి రాలేదు.

తమ్ముడు ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు వాడికి ఎడమ చెవి వినపడటం లేదని తెలిసింది. అమ్మ ఆ చెవి కోసం ఎన్నో మొక్కులు మొక్కింది, నాటువైద్యుల పసర్లన్నీ పోసింది. పోయిన వినికిడి రాలేదు. వాడు మాత్రం ఉన్న చెవితోనే చదువుకుని, రైల్వేలోనే గుమాస్తా అయ్యాడు. పక్కింటి అక్క పెళ్ళి చేసుకుని హుబ్లీ వైపు వెళ్ళిపోయింది. సిల్వర్‌కు జోడీ మాట ఒకటి ఉందని, ఆడ గొర్రెపిల్లను చిల్వర్ అనేవాళ్ళని, ఈ మధ్య ఎవరో చదువుకున్నాయన చెప్పాడు. మా అవ్వ పల్లెలో గొర్రెల మందల వెంట తిరిగినదాన్ని, ఆ పేరు గల గొర్రెపిల్లను నేనైతే చూడలేదు. ఒప్పుకోనని చెప్పేశాను.

అమ్మ చివరి రోజు అనంతపురం ఆసుపత్రిలో గడిచింది. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నా కాళ్ళు అప్పటికే నొప్పులతో మూలపడ్డాయి, బల్ల మీద కూర్చున్నాను. జుట్టంతా తెల్లబడిన మా తమ్ముడు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, అమ్మకు ఏమవుతుందక్కా అని వచ్చినప్పుడల్లా అడిగాడు. నాకూ తెలియదురా అన్నాను. వాడి కుడి చెవి దగ్గరికి వంగి, మంత్, అంటే నెల, ఆ ఇంగ్లీషు మాటకు జోడీ వెదకమన్నాను. దానికి కూడా జోడీ లేదని నాకు తెలుసు. వాడు విసుక్కోలేదు. నడుస్తూ ఆలోచించి, తిరిగి వచ్చి, ఫ్రంట్ అన్నాడు. ఇంకోసారి వచ్చి లంచ్ అన్నాడు. పక్కింటి అక్క అయితే ఒక్కటీ ఒప్పుకునేది కాదు. నాకు అంత గట్టి మనసు లేదు. అతికిందిరా, ఇంకొకటి చెప్పు, అంటూ డాక్టరు బయటికి వచ్చేదాకా వాడు తెచ్చిన ప్రతి మాటనూ తీసుకున్నాను.