జ్ఞానముత్తు చిన్న మెదడు

మా బావ జ్ఞానముత్తు తాటిచెట్లెక్కే మనిషి. తిరుచెందూరు వైపు ఎర్ర ఇసుకలో పుట్టి, మీసాలొచ్చినప్పట్నుంచీ నీరా దించాడు. అది పులిసి కల్లు కాకుండా కుండల లోపల సున్నం పూయాలి. ఆ పని ఆయన ఇంకొకరికి వదిలేవాడు కాదు. కల్లు చుక్క ముట్టి ఎరగడు. మా నాన్న తాగి తాగి పోయాడు, అందుకే మా అక్క తంగపుష్పం పెళ్లికి ముందే ఆయనచేత ఒట్టు వేయించుకుంది.

అలాంటి మనిషి నిరుడు పట్టపగలు తూలడం మొదలుపెట్టాడు. మాట ముద్దగా వచ్చేది. గ్లాసు నోటిదాకా వెళ్లేసరికి టీ సగం ఒలికేది. టీకొట్టు సుడలైకి నోరు ఊరుకోదు.

"ఏం అణ్ణాచ్చీ, కుండలకి సున్నం పూయడం మానేశావా ఏంటి?"

కొట్టంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కానీ అక్క కూడా అదే నమ్మింది. రోజూ నోరు వాసన చూసేది. వాసన లేకపోతే "ఏం నమిలొచ్చావ్?" అని నిలదీసేది. చివరికి బట్టలు సర్దుకుని మా ఇంటికొచ్చేసింది.

"తాగుడు మానితే వస్తానని చెప్పు మీ బావకి," అంది. తాగనివాడు ఏం మానతాడు?

నేనే ఆయన్ని పాళయంకోట పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. తలకి స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ తన తల వెనక, మెడకి కాస్త పైన చెయ్యి పెట్టి చూపించింది.

"ఇక్కడ చిన్న మెదడని ఉంటుంది. నడవమని చెప్పేది పెద్ద మెదడే. అడుగు తడబడకుండా, చెయ్యి వణక్కుండా, మాట ముద్దవకుండా చూసేది ఇది. తాగినవాడు తూలేదీ దీని పట్టు తప్పే. ఈయనకి తాగకుండానే తప్పుతోంది. అది కుంచించుకుపోతోంది."

"మందుందా అమ్మా?"

"కసరత్తులు నేర్పిస్తాం. పోయినదాన్ని తెచ్చే మందు లేదు. చెట్టు మాత్రం ఎక్కనివ్వకండి."

బావ చెవికి ఈ ఆఖరి మాటలు ఎక్కినట్టు లేదు. బస్సులో దారంతా "చిన్న మెదడు, చిన్న మెదడు" అని ముద్దమాటతోనే బట్టీ పట్టాడు. సుడలై కొట్టు ముందు దిగి అందరికీ చెప్పాడు. సుడలై ఒలక్కుండా సగం గ్లాసే పోసి ఆయన చేతికిచ్చాడు.

అక్క మా వాకిట్లో కూర్చుని ఉంది. బావ గోడ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"నేను తాగలేదు పుష్పం. చిన్న మెదడు."

పోయింది తిరిగి రాదనీ, ఇక చెట్టెక్కకూడదనీ నేను చెప్పాల్సి వచ్చింది. అక్క లేచి ఆయన చెయ్యి పట్టుకుని బావురుమంది.

"తాగుడే అయ్యుంటే బాగుండేదయ్యా. కొట్టో తిట్టో మాన్పించేదాన్ని."