నల్లరాయి పక్కన వండిన బువ్వ

ఎక్కడ పాత రాయి కనబడ్డా బండి ఆపమనడం నా రోగం. బళ్లో పిల్లలకు చరిత్ర చెప్పే పంతులమ్మను కదా, పుస్తకంలో లేనిదంతా నేనే కనిపెట్టాలని తెగ ఉబలాటం. ఆ ఏడు కోతలు అయిపోయి మోదుగులు పూసే రోజుల్లో పది రోజులు సెలవు పెట్టి, బాపుతో, అంటే మా నాన్నతో, కలిసి ఎడ్లబండిలో బయలుదేరాను. బియ్యం, పప్పు, చింతపండు, రెండు గొంగళ్లు, ఒక ఇత్తడి గిన్నె, ఎడ్లకు చొప్ప. ఎక్కడ నీళ్లుంటే అక్కడ మకాం.

బాపుకు నా రాళ్లతో పనిలేదు. ఆయనకు ఒకే ఒక్క రాయి కావాలి. ఆయన ఏడేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు కరువొచ్చి, చెన్నూరు అవతలి అడవి పల్లె నుంచి వాళ్ల కుటుంబం కాలినడకన కరీంనగర్ వైపు వచ్చేసింది. దారిలో వాళ్లమ్మకు గత్తర తగిలి, ఆ కలరాకు ఒక్క పూటలో ప్రాణం పోయింది. వాగు పక్కన, ఒక నల్లరాయి దగ్గర పూడ్చిపెట్టి మిగతావాళ్లు నడక సాగించారు. వాగు, నల్లరాయి. బాపుకు గుర్తున్నవి ఇవి రెండే. అరవైకి దగ్గరపడి చూపు మసకబారుతుంటే, కన్నతల్లిని, వాళ్ల అవ్వను పెట్టిన చోటు ఒక్కసారి చూడాలని పట్టుబట్టాడు.

బండి చక్రాలు ఇసుకలో దిగబడుతుంటే ఎలాగో గోదావరి దాటాం. నిజాం సర్కారు పోయి పదేళ్లు దాటినా మైలురాళ్ల మీద ఉర్దూ అంకెలే ఉన్నాయి. ఒకచోట కూలిన మట్టి బురుజు, దాని కడుపులో తేనెతుట్టె. ఎవరు కట్టించారని అడిగితే పశువులు కాసే ముసలాయన, "మా తాతను అడిగినా గిట్లనే తెల్వదన్నడు" అని నవ్వాడు. ఇంకోచోట ఒక మొద్దు కనబడితే పొయ్యిలోకి పనికొస్తుందని గొడ్డలి వేశాను. ఖంగుమంది. బెరడు గీతలున్నాయి, కొమ్మ విరిగిన చోట కన్ను ఉంది, కానీ అంతా రాయే! నేను దాని చుట్టూ తిరిగి తిరిగి చూస్తుంటే బాపు గొడ్డలిని చూసుకున్నాడు.

"నీ చరిత్ర సల్లగుండ, గొడ్డలి వాదర వోయింది గదనే!"

నాలుగు రోజుల్లో మూడు వాగులు దాటాం. మూడింటి దగ్గరా నల్లరాళ్లే, ఆ అడవిలో వాటికి కొదవా? ప్రతిదాని దగ్గరా బాపు దిగి, చేత్తో తడిమి, మళ్లీ బండెక్కేవాడు.

"గిది గాదు."

"ఎట్ల జెప్తున్నవ్ బాపూ?"

"తెల్వది. గని గిది గాదు."

అయిదోరోజు పొద్దున నాలుగో వాగు దగ్గర ఆగాం. అక్కడి రాయి సగం తీగల్లో మునిగి ఉంది. బాపు దానివైపు చూడనైనా లేదు. "ఇగ వాపసు పోదాం బిడ్డా" అని ఎడ్లను నీళ్లకు తోలుకుపోయాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక వంట మొదలుపెట్టాను. రాయి పక్కనే ఎండిన కొమ్మల కుప్ప ఉంది. టేకు, తునికి, మోదుగు, అన్ని రకాల పుల్లలూ ఉన్నాయి. ఎవరో కట్టెలు కొట్టుకుని వదిలేశారనుకుని రెండు చంకలనిండా తెచ్చి పొయ్యి రాజేశాను. ప్రతి రాయినీ పట్టిపట్టి చూసేదాన్ని, ఆ కుప్పను మాత్రం చూడలేదు.

ఎసరు మరిగి బియ్యం పోశాక, ఇప్పపూల గంపతో ఒక పెద్దావిడ అటుగా వచ్చి నిలబడిపోయింది.

"ఏం పని జేసినవ్ పిల్లా! గవి పొయ్యిల పెట్టే కట్టెలా? తొవ్వల పొయ్యెటోళ్లు ఆమెకు ఏసిన కొమ్మలు."

"ఎవలకు పెద్దవ్వా?"

"పేరెవలికెరుక? కరువుల నడిసిపోంగ గత్తరొచ్చి గీడ సచ్చిపోయిందట. ఆమె కొడుకు, చిన్న పోరడు, రానంటే రానని గీ రాయిని పట్టుకొని ఏడ్సిండట. మా అవ్వ సూసింది. గప్పటిసంది ఎవలు వోయినా ఓ కొమ్మ ఏసి పోతరు."

చెప్పి, తన చేతిలోని పచ్చి రెమ్మను కుప్ప మీద వేసింది. వెనక్కి తిరిగి చూస్తే బాపు ఎడ్ల పగ్గాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పగ్గాలు వదిలేసి, తీగలు తప్పించి, రాతికి రెండు చేతులూ ఆనించాడు.

"గా పోరన్ని నేనే" అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మా నాయనమ్మ కోసం ఊరూ పేరూ తెలియని మనుషులు యాభై ఏళ్లుగా వేస్తూ వచ్చిన కొమ్మలను పొయ్యిలో పెట్టాను. గిన్నె దించి మంట మీద నీళ్లు చల్లబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆర్పకు. ఉడకనీ."

అన్నం ఉడికేదాకా అక్కడే, రాతికి వీపు ఆనించి కూర్చున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని మోదుగాకు విస్తరి ముందుకు జరిపాడు.

"పెట్టు బిడ్డా. మా అవ్వ పొయ్యి మీది బువ్వ తిని యాభై ఏండ్లాయె."