మోకు పట్టిన చేతులు

ఆంజినప్ప చూడడానికి నిమ్మళంగా ఉంటాడు. అందుకే అతనెంత పిరికివాడో మారికుప్పంలో ఎవరికీ తెలియదు. పెళ్ళాం మారమ్మకూ సగమే తెలుసు. బంగారు గనిలో ఉన్నన్నాళ్ళూ అతనిది లావు తాడు పట్టి షాఫ్టులోకి బరువులు దించే మోకు పని. ఒకనాడు లోపల బండ పేలి, పక్కనే ఉన్న తోటి కూలీ పాపన్న దాని కింద పడి చచ్చిపోయాడు. అప్పటినుంచీ నెత్తిమీద ఏ బరువు కనిపించినా ఆంజినప్ప కాళ్ళు వణుకుతాయి. ఇంట్లో అటక కింద కూడా పడుకోడు. అడిగితే గాలి ఆడదంటాడు.

దానికి తోడు రాతి దుమ్ము రొమ్ములో చేరింది. గనులు సర్కారు చేతికొచ్చి, దొరలు పెట్టె బేడా సర్దుకుని సీమకు పోయాక, వాళ్ళ పాత క్లబ్బుకు అతన్ని వాచ్‌మన్‌గా వేశారు. మేడమీద దొరలు వదిలేసిన పిన్‌బాల్ మిషను ఒకటి ఉండేది. మీట నొక్కితే ఇనుపగుండు పరిగెత్తి, తగిలినచోటల్లా గంట మోగించి దీపం వెలిగించే ఆటపెట్టె. క్లబ్బు మూసేస్తున్నారని తెలిసి, రాబర్ట్‌సన్‌పేటలో సినిమాహాలు పక్కన అంగడి ఉన్న శేషాచలం శెట్టి దాన్ని కొన్నాడు.

"చెడిపోకుండా కిందికి దించినావంటే, మా అంగట్లో దాన్ని చూసుకునే పని నీదే ఆంజినప్పా. కూర్చుని చేసే పని" అన్నాడు శెట్టి.

దుమ్ము లేని చోట కూర్చుని చేసే పని. రొమ్ము పాడైనవాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ సాయంత్రానికే క్లబ్బుకు తాళం పడుతుంది. వస్తామన్న కూలీలు మొహం చాటేశారు. వచ్చింది మారమ్మ ఒక్కతే.

ఆంజినప్ప ముందు గుండ్లు తీసి మూట కట్టాడు. పై అద్దం జారదీసి గోనెలో చుట్టాడు. తీగలు విడదీసి, దీపాలున్న తలపెట్టెను ఊడదీశాక, ఇద్దరూ కలిసి దాన్ని కిందికి మోశారు. కాళ్ళ మరలు కూడా విప్పేస్తే మిగిలింది మొండెం. అసలు బరువంతా అందులోనే ఉంది. మెట్ల మీద రెండు పలకలు పరిచి, మొండేనికి మోకు కట్టి, ఆ మోకును మేడమీది రాతిస్తంభానికి చుట్లు తిప్పాడు.

"నేను మీద నుంచి కొంచెం కొంచెం వదుల్తా. నువ్వు పక్కన నిలబడి చూస్తా ఉండు. దాని కిందికి మాత్రం పోవద్దు మారీ."

"పోనులేప్పా" అంది మారమ్మ.

సగం దాకా బాగానే జారింది. మెట్లు మలుపు తిరిగేచోట ఒక పలక పక్కకు జరిగి, మొండెం మూల గోడకు తట్టుకుంది. మారమ్మ తానన్న మాట మరిచిపోయి కిందికి దూరింది. పలకను భుజంతో నెట్టసాగింది.

"బయటికి రా" అన్నాడు ఆంజినప్ప.

"వస్తాండా, ఉండు."

సరిగ్గా అప్పుడే అతని గొంతులో గరగర మొదలైంది.  ఈ దగ్గు మామూలుది కాదని అతనికి తెలుసు. ఒకసారి వచ్చిందంటే ఒళ్ళు స్వాధీనంలో ఉండదు, వేళ్ళు వాటంతటవే విడిపోతాయి. నోరు తెరిచి పిలిస్తే దగ్గు వస్తుంది. పిలవకపోతే ఆమె అక్కడే ఉంటుంది. ఆనాడు బరువు కింద పాపన్న చెయ్యి ఒక్కటే కనిపించింది. ఊపిరి బిగబట్టి, మోకు మీద బోర్లా పడి, ఒంటికింద అదిమేశాడు. దగ్గు విరుచుకుపడింది. మోకు జానెడు జారి ఆగింది. కింద పలక కిర్రుమంది.

మారమ్మ బయటికి వచ్చి తలెత్తి చూసింది. అతని భుజం మీది తువ్వాలకు ఎర్రగా నెత్తుటి మరక. పరుగున మెట్లెక్కి, మోకును స్తంభానికి ముడేసింది.

"ఎన్నాళ్ళనుంచి ఉండాది ఇది?"

"ఉగాదికి ముందునుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆంజినప్ప తువ్వాలను మడిచి మరక దాచుకున్నాడు. మారమ్మకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగి, కొంగు నడుముకు దోపుకుంది.

"మోకు నేను పడతా. బూదికోటలో పుట్టినదాన్ని నేను. చేదబావిలో నీళ్ళు చేదుకుంటానే పెరిగినా."

"మలుపు దగ్గర మూల తిప్పాల. ఎవరో ఒకరు కింద ఉండాల్సిందే."

"అయితే నేనే పోతా. నువ్వు పట్టుకుంటావా?"

ఆంజినప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇందాక మోకు జారనిచ్చిన చేతులు అవి. ఆ చేతుల కింద ఆమెను నిలబెట్టడం కన్నా పెద్ద భయం అతనికి లేదు. మోకు ఆమెకే వదిలి, గోడ పట్టుకుని దిగాడు. మొండెం కిందికి దూరి, పలకకు భుజం ఆనించాడు. పైకి చూస్తే కప్పు లేదు, వెలుతురు లేదు, చెక్క ఒక్కటే. పైన మారమ్మ ముడి విప్పి మోకు బిగించి పట్టుకుంది.

"వదులు మారీ."

బరువు బెత్తెడు కిందికి వచ్చింది. గొంతులో గరగర మళ్ళీ లేచింది. ఈసారి ఆంజినప్ప దాన్ని బిగబట్టలేదు. మెట్లన్నీ మోగేలా దగ్గాడు. నెత్తిమీద మొండెం వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"దగ్గడం అయినాక చెప్పు" అంది పైనుంచి మారమ్మ. "అప్పుడే వదుల్తా."